హోటల్ గదిలో పిల్లలు ఒంటరిగా: ఏ వయసు నుంచి?

రెండు_సూట్‌కేసులు
వచ్చే నెల మావారి ఆఫీసు సదస్సుకు కుటుంబమంతా వెళ్తున్నాం. చివరి రోజు రాత్రి విందుకు భార్యాభర్తలిద్దరూ రావాలట. విందు మేము దిగే హోటల్లోనే, కింది అంతస్తులో. మా గది ఐదో అంతస్తులో. పాపకు 11, బాబుకు 7. రెండు, రెండున్నర గంటలు ఇద్దరినీ గదిలో వదిలి వెళ్ళవచ్చా? "ఇంట్లో ఉంటున్నాను కదా, అక్కడ ఉండలేనా?" అంటోంది పాప. ఆయనదీ అదే మాట. మా ఆడపడుచు మాత్రం విన్న వెంటనే ఫోన్లోనే మండిపడింది. ఏ వయసు నుంచి వదలవచ్చో ఎక్కడైనా నియమం ఉందా? ఒక్క అంకె చెప్పండి చాలు, ఇంట్లో గొడవ తీరుతుంది.

కిటికీ_సీటు
పన్నెండు. గొడవ తీరింది.

నిద్రలేని_నాన్న
పన్నెండు ఎక్కడి నుంచి ఊడిపడింది? మా పెద్దవాడికి 14. గదిలో వదిలితే తాళం లోపలే పెట్టి, వరండాలోకి వచ్చి, తలుపు మూసుకుపోయిందని చెప్పులు లేకుండా నిలబడే రకం. వాడి చెల్లెలికి 9. ఇద్దరిలో ఆమెనే నమ్ముతాను.

కిటికీ_సీటు
ఒక్క అంకె అడిగారు, ఇచ్చాను. మీ అబ్బాయికి ఇరవై అనుకోండి.

నిద్రలేని_నాన్న
ఇరవైకైనా మారతాడన్న నమ్మకం లేదు.

చట్టం_చదివేవాడు
ఒక్క అంకెతో తేలిపోయేదైతే అన్ని దేశాలూ అదే రాసుకునేవి. బ్రిటన్ చట్టంలో అసలు అంకే లేదు. బిడ్డను ప్రమాదంలో పడేలా వదిలితే నేరం, అంతే. అక్కడ పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్.ఎస్.పి.సి.సి. మాత్రం 12 లోపు పిల్లలను ఎక్కువసేపు, 16 లోపు వాళ్ళను రాత్రంతా ఒంటరిగా వదలవద్దని సలహా ఇస్తుంది. న్యూజీలాండ్‌లో 14 లోపు పిల్లలను తగిన పర్యవేక్షణ ఏర్పాటు చేయకుండా వదిలితే నేరం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 12 అని రాసి, "అసమంజసమైనంత సేపు" అనే మాట తగిలించింది. ఎంతసేపైతే అసమంజసమో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. అమెరికాలో రాష్ట్రానికో రకం. యూటా 2018లో చట్టం మార్చి, తగినంత వయసూ తెలివీ ఉన్న పిల్లలు ఒంటరిగా బడికి నడిచి వెళ్ళినా, బయట ఆడుకున్నా దాన్ని తల్లిదండ్రుల నిర్లక్ష్యంగా చూడరాదని చెప్పింది. మేరీలాండ్ దీనికి మరో కొస: 8 లోపు బిడ్డను గదిలోనో కారులోనో వదిలి కనుమరుగైతే, తోడు ఉన్న మనిషికి కనీసం 13 ఏళ్ళు ఉండాలి. మీ పిల్లల వయసులు 11, 7. అక్కడైతే మీ విందు చట్టవిరుద్ధం.

ఇంకో మాట. మీరు ఎక్కడికి వెళ్తే అక్కడి చట్టమే మీకు వర్తిస్తుంది. "మా దగ్గర ఇది మామూలే" అంటే అక్కడి పోలీసు వినడు.

మూడో_బెర్త్
విమానాల వాళ్ళు 5 నిండితే ఒంటరిగా పంపమంటున్నారు కదా! ఆకాశంలో 5 సరిపోతే ఐదో అంతస్తులో 11 సరిపోదా?

రెక్కల_కింద
ఆ ఉద్యోగం చేసి వచ్చినదాన్ని, చెబుతాను వినండి. "ఒంటరి పిల్లలు" అనేది టికెట్ మీద మాట మాత్రమే. ఆ బిడ్డ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండదు. కౌంటర్‌లో ఒకరు సంతకం పెట్టి తీసుకుంటారు, విమానం తలుపు దగ్గర మరొకరికి అప్పగిస్తారు, దిగాక ఇంకొకరు. అవతల కాగితంలో రాసిన మనిషే వచ్చి, గుర్తింపు కార్డు చూపిస్తే తప్ప బిడ్డను ఇవ్వం. ఆ పేరు ఉన్నాయన రాకుండా తమ్ముణ్ణి పంపితే, వాళ్ళు ఎంత గొడవ చేసినా ఇవ్వం. దాన్ని చూపించి హోటల్ గదిలో వదలవచ్చు అనడం తలకిందుల వాదన.

మూడో_బెర్త్
సరే, నా వాదన దిగిపోయింది.

పెరటి_మెట్లు
మేము ఎనిమిదేళ్ళకే రైళ్ళెక్కి తిరిగాం. ఇప్పటి పిల్లలకు అడుగు తీసి అడుగు వేయాలన్నా తోడు కావాలి. మనమే చెడగొడుతున్నాం.

చక్రాల_కుర్చీ_బామ్మ
నాయనా, మీరు ఎనిమిదేళ్ళకు తిరిగింది తెలిసిన దారిలో, తెలిసిన మనుషుల మధ్య. దారిలో ఎవరో ఒకరు "ఫలానా వారి పిల్లాడివి కాదూ?" అని అడిగేవారు. హోటల్ ఐదో అంతస్తులో ఎవరు అడుగుతారు? మీరు ఎంత బుద్ధిమంతులో నాకు తెలియదు కానీ, మీ చుట్టూ ఉన్నవాళ్ళు మీ కన్నా బుద్ధిమంతులు.

పెరటి_మెట్లు
బామ్మగారూ, దీనికి జవాబు ఆలోచించి రేపు రాస్తాను.

రాత్రి_రిసెప్షన్
చాలాకాలం హోటల్ రాత్రి డ్యూటీ చేశాను. ఇక్కడ ఎవరూ అనని కొన్ని సంగతులు రాస్తాను.

ఇల్లు వేరు, హోటల్ గది వేరు. పాప ఇంట్లో ఉంటుందంటే ఆ ఇంట్లో స్విచ్చులు, కుళాయిలు, పక్కింటి తలుపు అన్నీ ఆమెకు తెలుసు. హోటల్లో వేడినీళ్ళ కుళాయి ఎటు తిప్పాలో పెద్దలకే వెంటనే అర్థం కాదు. పిల్లలున్న గదుల నుంచి నాకు వచ్చిన ఫోన్లలో దొంగల మాటే లేదు. టబ్బు పొంగి నీళ్ళు మంచం దాకా వచ్చాయనీ, కార్డు గోడ మీది పెట్టెలోంచి తీస్తే దీపాలన్నీ ఆరిపోయాయనీ, తమ్ముడు బాత్‌రూమ్ గడియ వేసుకుని తీయలేకపోతున్నాడనీ, ఇలాంటివే.

ఇప్పుడు అసలు చిక్కు గొళ్ళెం. "అమ్మ వచ్చేదాకా లోపలి గొళ్ళెం తీయకు" అని చెప్పి వెళ్తారు. మంచి పిల్లలు చెప్పినట్టే గొళ్ళెం పెట్టుకుని నిద్రపోతారు. మీరు పది గంటలకు వచ్చి కార్డు పెడితే తలుపు రెండంగుళాలు తెరుచుకుని ఆగిపోతుంది. కొడతారు, పిలుస్తారు, ఫోన్ చేస్తారు. లేవరు. మా దగ్గర తీసే పద్ధతులు ఉంటాయి కానీ మనిషి రావాలి, సమయం పడుతుంది. ఆ పావుగంటలో ఆ తల్లి ముఖం చూడలేం. అదే సమయంలో లోపల నిప్పు అంటుకుంటే ఏమిటన్నది మీరే ఊహించుకోండి. గొళ్ళెం పెట్టుకోకపోతే ఇంకో భయం: తలుపు తట్టి జవాబు రాకపోతే సిబ్బంది తమ తాళంతో తీసుకుని వచ్చే అవకాశం ఉంది. రెండిట్లో ఏది మేలని అడిగితే, నా ఓటు గొళ్ళెం వద్దు, "ఇబ్బంది పెట్టవద్దు" బోర్డు తగిలించండి, రిసెప్షన్‌లో చెప్పి వెళ్ళండి.

నిద్రలేని_నాన్న
రిసెప్షన్‌లో చెప్పడమంటే, గదిలో పిల్లలు ఒంటరిగా ఉన్నారని కొత్తవాళ్ళకు చాటడం కాదా? గది నంబరు పక్కవాళ్ళకు తెలియకూడదనే కదా తాళం కార్డు మీద నంబరు ముద్రించరు.

రాత్రి_రిసెప్షన్
కౌంటర్ దగ్గర పదిమంది ముందు అరవమనలేదు. గది నుంచి ఫోన్లో డ్యూటీ మేనేజరుకు చెప్పండి. అలారం మోగితే ఆ గది తలుపు ముందు తట్టాలని మాకు తెలియాలి కదా.

కొత్త_సంచి
అలారం అంటే గుర్తొచ్చింది. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం వాళ్ళు పొగ అలారం మోగించి చూస్తే చాలామంది పిల్లలు లేవనే లేదు. ఆ వయసులో గాఢనిద్ర అలాంటిది. అందుకే "ఏదైనా అయితే లేచి బయటకు వస్తారు" అన్న భరోసా నాకు లేదు. మెలకువగా ఉన్న గంట వేరు, పడుకున్న గంట వేరు. ఏడేళ్ళ బాబు తొమ్మిదింటికి పడుకోడా?

రెండు_సూట్‌కేసులు
ఎనిమిదిన్నరకే పడుకుంటాడు. ఇది నేను ఆలోచించనే లేదు. గొళ్ళెం సంగతి చదివి మావారు కూడా మౌనంగా ఉన్నారు.

బేబీ కెమెరా ఒకటి ఉంది, పాత ఫోన్‌లో వేసి గదిలో పెట్టి కింద నుంచి చూస్తే?

నిద్రలేని_నాన్న
కెమెరా చూస్తుంది, తలుపు తీయదు. పైగా హోటల్ వైఫై. విందులో ఉపన్యాసం మంచి పట్టులో ఉన్నప్పుడు మీ తెర మీద తెల్లటి చక్రం తిరుగుతూ ఉంటుంది. అప్పుడు లిఫ్టు కోసం పరుగు.

కిటికీ_సీటు
లిఫ్టు ఐదో అంతస్తు నుంచి రావడానికి పట్టే సమయం కూడా లెక్కలో వేయండి. విందులు వదిలే వేళ లిఫ్టు దగ్గర జాతర.

నీలి_టోపీ
2007లో పోర్చుగల్‌లో సెలవులకు వచ్చిన బ్రిటిష్ దంపతులు దగ్గర్లోనే భోజనం చేస్తూ, మధ్యమధ్య వెళ్ళి చూసి వస్తూ ఉండగానే గదిలోంచి పాప మాయమైంది. నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఇప్పటికీ ఆచూకీ లేదు. ఇంకా ఏమి చర్చ?

చట్టం_చదివేవాడు
అది ఘోరం, కాదనను. కానీ ప్రతి చర్చలోనూ ఆ ఒక్క ఉదంతాన్ని బల్ల మీద పెడితే మిగతావి కనిపించకుండా పోతాయి. అపరిచితులు ఎత్తుకుపోవడం ఎంతో అరుదు. కిటికీ, బాల్కనీ, వేడినీళ్ళు, ఈత కొలను, ఇవి రోజూ పక్కనే ఉంటాయి. బాల్కనీలో కుర్చీని పిట్టగోడకు ఆనించి ఉంచడం నేను ఎన్ని హోటళ్ళలో చూశానో. గదిలోకి వెళ్ళగానే నేను ఆ కుర్చీ లోపలికి లాగుతాను, మా ఆవిడ నవ్వుతుంది.

నీలి_టోపీ
అరుదు అనే మాట ఆ తల్లికి చెప్పగలరా?

చట్టం_చదివేవాడు
చెప్పను. ఇక్కడ నిర్ణయం తీసుకోవలసిన తల్లికి చెబుతున్నాను.

ఒక్క_టికెట్_అమ్మ
మీరందరూ ఇద్దరేసి ఉన్నారు, ఒకరు ఉండి ఒకరు వెళ్ళవచ్చు. నేను ఒక్కదాన్నే ఇద్దరు పిల్లలతో ప్రయాణం చేస్తాను. చిన్నవాడు నిద్రపోతుంటే కిందికి వెళ్ళి మందో నీళ్ళో తెచ్చుకోవాలంటే ఎవరిని అడగాలి? నిద్రపోయే బిడ్డను భుజాన వేసుకుని లిఫ్టులో దిగిన రోజులున్నాయి. అది చూసి "పాపం, నిద్ర చెడగొట్టింది" అన్నవాళ్ళే, వదిలి దిగితే "తల్లేనా?" అంటారు. ఇప్పుడు పెద్దమ్మాయికి 12. పది నిమిషాలకు ఆమెను నమ్ముతాను, గంటకు నమ్మను. తేడా వయసులో లేదు, నేను పరుగెత్తి రాగల దూరంలో ఉంది.

చక్రాల_కుర్చీ_బామ్మ
బంగారు తల్లీ, పైకి తెప్పించుకో. అడిగితే హోటల్ వాళ్ళే తెస్తారు.

ఒక్క_టికెట్_అమ్మ
ఇప్పుడు అదే చేస్తున్నానండీ. అడగడానికి మొహమాటం తీరడానికే చాలాకాలం పట్టింది.

కారు_తాళాలు
గది సంగతి సరే, కారులో వదలడం గురించి ఒక్కమాట. అక్కడ ఏ వయసూ చర్చించకండి. బయట మామూలు ఎండే ఉన్నా మూసిన కారులో వేడి పది నిమిషాల్లో దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దల కన్నా 3 నుంచి 5 రెట్లు వేగంగా వేడెక్కుతుంది. "బిల్లు కట్టి వస్తా" అన్న వాళ్ళకు ముందు వరుస ఎంత ఉంటుందో తెలియదు.

కొత్త_సంచి
ఇందులో నాకు ఎవరితోనూ గొడవ లేదు.

బడి_గంట
పదేళ్ళు దాటిన పిల్లలకు పాఠాలు చెబుతాను. "నువ్వు ఉండగలవా?" అని అడిగితే ప్రతి బిడ్డా ఉండగలనంటుంది, అది ప్రశ్నే కాదు. సంఘటన చెప్పి ఏమి చేస్తావో అడగాలి. తమ్ముడు వాంతి చేసుకుంటే ఏమి చేస్తావు? అలారం మోగి వరండాలో పొగ కనిపిస్తే? కరెంటు పోతే? నేను ఫోన్ ఎత్తకపోతే రెండో ఫోను ఎవరికి? జవాబు తప్పయినా పరవాలేదు, ఆలోచించే తీరు తెలుస్తుంది. "నీకే చేస్తాను" అని ప్రతిదానికీ అంటే ఇంకా సమయం రాలేదు.

తరువాత చేయించి చూడాలి. తలుపు వెనక అతికించిన అత్యవసర పటం చదివించి, లిఫ్టు కాకుండా మెట్లదారి గుండా ఒకసారి కిందిదాకా నడిపించండి. గది నుంచి మెట్ల తలుపు వరకు మధ్యలో ఎన్ని తలుపులో చేత్తో తాకుతూ లెక్కపెట్టమనండి. పొగలో కళ్ళు కనబడవు, చేతికి లెక్క తెలుస్తుంది.

రెక్కల_కింద
నంబర్ల సంగతి కూడా. మా పిల్లలకు ఇంటి దగ్గరి అత్యవసర నంబరే నోటికి వచ్చు, వేరే దేశంలో అది పనిచేయకపోవచ్చు. యూరప్ దేశాల్లో 112, అమెరికాలో 911. హోటల్ గది ఫోను నుంచి బయటి నంబరు కలవాలంటే ముందు ఇంకో అంకె నొక్కాల్సి రావచ్చు, భయంలో ఉన్న బిడ్డకు అది తోచదు. అందుకే రిసెప్షన్ మీట ఒక్కటి చూపించి, మీ ఎదుటే ఒకసారి నొక్కించి మాట్లాడించండి. గది నంబరు, హోటల్ పేరు కాగితం మీద రాసి ఫోను పక్కనే పెట్టండి.

రెండు_సూట్‌కేసులు
బడి_గంట గారి ప్రశ్నలు నిన్న రాత్రి పాపను అడిగాను. వాంతికి మంచి జవాబే వచ్చింది: తువ్వాలు, నీళ్ళు, తరువాత నాకు ఫోను. పొగకు "తమ్ముణ్ణి లేపి మెట్లు" అంది. వాడు లేవకపోతే అన్నాను. కాసేపు ఆలోచించి "ఎత్తుకుంటాను" అంది. వాణ్ణి ఎత్తుకుని ఐదు అంతస్తులు దిగడం నా వల్లే కాదు.

ఇంకొకటి. ఎవరో తలుపు తట్టి "మీ నాన్నగారు పంపారు" అంటే ఏమి చేస్తావన్నాను. "నాన్న పేరు అడుగుతాను, సరిగ్గా చెబితే తీస్తాను" అంది గర్వంగా. సదస్సులో ఆయన మెడలో వేలాడే బిళ్ళ మీద పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది!

నిద్రలేని_నాన్న
మా ఇంట్లో రహస్యపు మాట ఒకటి ఉంది. అది చెప్పనివాళ్ళకు తలుపు తీయకూడదు. పెద్దవాడు దాన్ని తన స్నేహితులందరికీ చెప్పాడు. ఇది రెండో మాట.

కిటికీ_సీటు
ఇరవై ఐదు అనుకోండి.

బడి_గంట
సూట్‌కేసులు గారూ, మీ పాప సమాధానాలు 11కి చాలా మంచివి. ఆమె ఒక్కతే అయితే పగలు గంటసేపు పుస్తకం పట్టుకుని గదిలో ఉండవచ్చని నేనంటాను. చిక్కు తమ్ముడితో. తనను తాను చూసుకోవడం ఒక పని, ఇంకొకరి ప్రాణానికి పూచీ పడటం వేరే పని. మీ ప్రశ్నలో రెండూ కలిసిపోయాయి. ఏమైనా జరిగితే విందుకు వెళ్ళింది మీరు, జీవితాంతం తప్పు మోసేది ఆ పిల్ల.

పెరటి_మెట్లు
బామ్మగారికి జవాబు ఇంకా దొరకలేదు కానీ, బడి_గంట గారు అన్నది నిజం. నన్ను ఎనిమిదేళ్ళకు రైలెక్కించారు గానీ, నా మీద మా చెల్లిని ఎప్పుడూ వదల్లేదు.

తెల్ల_మాత్రలు
ఒకటి కలుపుతున్నాను. మా అబ్బాయికి 13, చక్కెర వ్యాధి, ఇన్సులిన్ తీసుకుంటాడు. చాలా బాధ్యత గల పిల్లాడు. అయినా కొత్తచోట ఒంటరిగా వదలను, ఎందుకంటే చక్కెర పడిపోతే ఆ బాధ్యత గల బుర్రే ముందు పనిచేయడం మానేస్తుంది. మూర్ఛ, ఉబ్బసం ఉన్న పిల్లలకూ ఇదే లెక్క. ఇక్కడ ఎంత పెద్ద అంకె రాసినా మాకు పనికిరాదు.

బుర్రలో_పాట
నాకు 15. నాన్న ఫోన్‌లో ఈ చర్చ చూసి ఖాతా తెరిచాను. నన్ను ఇంకా గదిలో ఒంటరిగా ఉండనివ్వరు. నా తరఫున ఎవరైనా మాట్లాడండి.

చక్రాల_కుర్చీ_బామ్మ
మీ నాన్న ఫోను ఆయనకు చెప్పకుండా తీసుకున్నావా?

బుర్రలో_పాట
బామ్మా, అది వేరే చర్చ.

చట్టం_చదివేవాడు
15కి పగలు అభ్యంతరం ఏముంటుంది? విడిగా గది అడిగితే మాత్రం కష్టం. చాలా హోటళ్ళు 18 నిండినవాళ్ళ పేరు మీదే గది ఇస్తాయి. రెండు గదులు తీసుకునేవాళ్ళు మధ్యలో తలుపు ఉన్నవే కావాలని బుక్ చేసేటప్పుడే రాసి అడగండి. "పక్కపక్కన" అని అడిగితే పక్కపక్కనే ఇస్తారు, మధ్యలో గోడ ఉంటుంది. అడగకపోతే వేరే అంతస్తు కూడా రావచ్చు.

కొత్త_సంచి
సూట్‌కేసులు గారూ, ఆ సదస్సుకు వచ్చేవాళ్ళలో పిల్లలున్నది మీకొక్కరికేనా? మిగతా జంటలు ఏమి చేస్తున్నారు?

రెండు_సూట్‌కేసులు
మంచి ప్రశ్న వేశారు. మావారు ఆఫీసులో అడిగితే అందరూ ఇదే ఆలోచనలో ఉన్నారట, ఎవరూ బయటకు అనడం లేదు. విందు హాలు పక్కన ఉన్న చిన్న గది పిల్లలకు ఇమ్మని నిర్వాహకులను అడిగారు, ఇచ్చారు. తల్లిదండ్రులు వంతులవారీగా కూర్చుంటాం. నా వంతు ఉపన్యాసాల వేళ పడేటట్టు చూసుకున్నాను.

పాప అలిగింది. మర్నాడు ఉదయం మేము ముగ్గురం కింద ఫలహారానికి వెళ్తే తాను గదిలో ఒక్కతే ఉంటానని షరతు పెట్టింది. ఒప్పుకున్నాను. గొళ్ళెం లేకుండా.

రాత్రి_రిసెప్షన్
బాల్కనీ కుర్చీ కూడా లోపలికి.

మూడో_బెర్త్
చర్చ ముగిసేలోపు నాదొకటి. రైల్లో వెళ్తున్నాం. మధ్య స్టేషన్లో నేను దిగినప్పుడు రైలు కదిలిపోయి, పదేళ్ళవాడు ఒక్కడే లోపల ఉండిపోతే ఏమి చెప్పి ఉంచాలి? తరువాతి స్టేషన్లో దిగి నిలబడమనాలా?

రెక్కల_కింద
దిగమనకండి. టికెట్ తనిఖీ చేసే ఆయనకు చెప్పి, సీట్లోనే కూర్చోమనండి.

నిద్రలేని_నాన్న
నేను ఒప్పుకోను. రైలు ఇంకో మూడు గంటలు ఆగకుండా పోతే? తరువాతి స్టేషన్లో దిగి స్టేషన్ మాస్టరు గదిలో కూర్చుంటే నేను వెనక బండిలో వస్తాను.

రెక్కల_కింద
దిగాక స్టేషన్ మాస్టరు గది ఎటో వాడికి తెలుసా? రాత్రి అయితే? తనిఖీ ఆయన ఫోన్ చేసి, ముందు స్టేషన్లో సిబ్బందికి చేత్తో అప్పగించగలడు. బిడ్డ ఎక్కడ దిగాలో నిర్ణయించాల్సింది పెద్దవాళ్ళు, బిడ్డ కాదు.

మూడో_బెర్త్
సరే, సీట్లోనే కూర్చోమని చెబుతాను. బోగీ నంబరు, సీటు నంబరు నా ఫోన్‌లో ఉన్నాయి, వాడి దగ్గర లేవు. ఈ రాత్రికే రాసిస్తాను.

కిటికీ_సీటు
లేదా మీరే దిగకండి.